పచ్చ లైటు వెలుగుతోందా, అమ్మా?

రాత్రి రెండింటికి పాసైన టెస్టు పొద్దున్న ఆరున్నరకి ఎందుకు ఫెయిలవుతుంది? పరికరం అదే, ప్రోగ్రామూ అదే, మధ్యలో ఎవరూ ఒక్క అక్షరం మార్చలేదు. అయినా నిద్ర లేచి ఈమెయిలు తెరిస్తే రిపోర్టు నిండా ఎరుపే. ఆదివారాలైతే ఎనిమిదింటిదాకా పాసవుతూనే ఉంటుంది. ఏకాదశి నాడు తెల్లవారుజామున నాలుగున్నరకే చతికిలబడుతుంది. వైఫైకి మూలగ్రంథమైన 802.11 ప్రమాణాన్ని ఐట్రిపుల్‌ఈ వాళ్ళు 1997లో మొదటిసారి వెలువరించారు. తర్వాత ఎన్నోసార్లు తిరగరాశారు, వేల పేజీలకు పెరిగింది. అందులో ఎక్కడా ఏకాదశి ప్రస్తావన లేదు.

నా ఉద్యోగం వైఫై పరికరాల్ని పరీక్షించడం. ఇంతకంటే వివరంగా చెప్పను. చెబితే పెళ్ళిళ్ళలో పట్టుకుని, తమ ఇంట్లో బెడ్రూములో సిగ్నల్ ఎందుకు రావడం లేదో అడుగుతారు. నేనుండేది హైదరాబాదు నిజాంపేటలో. నా మిషన్లుండేది అంబాజీపేట దాటాక మా ఊళ్ళో, మా పెంకుటింట్లో. మధ్యలో నాలుగొందల కిలోమీటర్ల పైచిలుకు దారి, సిద్ధాంతం దగ్గర వశిష్ట మీద వంతెన, అన్నిటికీ మించి మా అమ్మ.

మిషన్లు అంత దూరం ఎందుకు వెళ్ళాయంటే గాలి మార్పు కోసం. మన దేశంలో లైసెన్సు అక్కర్లేకుండా వైఫై వాడుకోమని వదిలేసిన బ్యాండుల్లో పాతది 2400 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలై 2483.5 దగ్గర అయిపోతుంది. ఒక్కో ఛానెల్‌కి ఇరవై మెగాహెర్ట్జ్ చోటు కావాలి. కాగితం మీద పదమూడు ఛానెళ్ళున్నా, ఒకదాని కాలు ఒకటి తొక్కకుండా నిలబడగలిగేవి 1, 6, 11, మూడే మూడు. నిజాంపేటలో మా అపార్టుమెంటు మొత్తం, ఎదుటి అపార్టుమెంటు మొత్తం, దాని వెనక కడుతున్న అపార్టుమెంటులో వాచ్‌మన్ కుటుంబం, అందరూ ఆ మూడింట్లోనే కాపురం. మైక్రోవేవ్ ఓవెన్లు పనిచేసేదీ ఆ చుట్టుపక్కలే. పై ఫ్లాటులో పాప్‌కార్న్ పేలితే కింద నా టెస్టు పేలుతుంది.

ఒకసారి సెలవు మీద ఊరెళ్ళినప్పుడు ఇంటి అరుగు మీద కూర్చుని ఊరికే స్కాన్ చేశాను. మా వైఫై, వీధి చివర ఇంకొకటి, అప్పుడప్పుడూ రోడ్డు మీద పోయే బస్సులో ఎవరిదో ఫోను. అంతే. ఆ జాబితా చూసి బెంగళూరులో మా మేనేజరు కళ్ళు చెమర్చాయి. "ఇంత క్లీన్ ఆర్‌ఎఫ్ ఎన్విరాన్‌మెంట్ మన ల్యాబులో కూడా లేదు" అన్నాడు. వారం తిరక్కుండా కొరియర్‌లో సామాను దిగింది.

సామాను చిన్నదే. మూడు రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డులు, వాటికి తగిలించడానికి పరీక్షించాల్సిన యూఎస్‌బీ అడాప్టర్లు. ఒక మిషను వైఫై ఇస్తుంది. రెండోది పుచ్చుకుంటుంది. మూడోది ఆ రెండింటి మధ్యా ఏం మాటలు జరిగాయో వింటూ పొల్లు పోకుండా రాసుకుంటుంది. మూడోదాని స్వభావం ఉన్నవాళ్ళు మా వీధిలో ఇదివరకే ఉన్నారు గనక ఊరికి అదేమీ వింతగా తోచలేదు.

వీటిని నడిపేది హోస్ట్‌ఏపీడీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు. యౌని మాలినెన్ అనే ఫిన్లాండ్ ఇంజనీరు మొదలుపెట్టాడు. దాని టెస్టుల్లో రిమోట్ అని ఒక ఫోల్డరుంది. అందులో ఒక ఫైల్లో మిషన్ల జాతకాలు రాయాలి: ఫలానా మిషను అడ్రసు ఇది, దాని వైఫై కార్డు పేరు ఇది, మాట్లాడే పోర్టు ఇది, దానికి వచ్చిన విద్యలు ఇవి. తర్వాత హైదరాబాదులో ఒక్క కమాండు కొడితే అది అన్ని మిషన్లలోకీ లాగినై, ఒకదాన్ని లేపి, ఇంకోదాన్ని కలిపి, విడదీసి, మళ్ళీ కలిపి, లాగులన్నీ మూటగట్టి తెచ్చి పెడుతుంది. పాస్‌వర్డ్ కొట్టడానికి పక్కన మనిషి ఉండడు గనక అడక్కుండానే లోపలికి రానిచ్చేలా ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవులు ముందే పంచిపెట్టాలి. మా కేబుల్ ఆపరేటర్ ఇచ్చే కనెక్షన్‌లో ఎవరికీ సొంత ఐపీ అడ్రసుండదు, నలుగురికీ కలిపి ఒకటే. కాబట్టి బయటినుంచి వెళ్ళి తలుపు తట్టడం కుదరదు. లోపలున్న మిషనే బయటికి సొరంగం తవ్వుకొచ్చి కొస నా చేతికివ్వాలి. ఇదంతా రాసి, సరిచూసి, నడిపించాను. నడిచింది కూడా. పొద్దున్న ఆరున్నర దాకా.

ఈ తంటా లేని దారి ఒకటుంది. 2008లో లైనక్స్ కెర్నెల్లోకి మ్యాక్80211 హెచ్‌డబ్ల్యూసిమ్ అనే సదుపాయం వచ్చింది. నిజం రేడియో ఒక్కటీ లేకుండా, ఒకే కంప్యూటరు కడుపులో ఎన్ని వైఫై కార్డులు కావాలంటే అన్ని ఉన్నట్టు నటిస్తుంది. ప్రతి ఫెయిల్యూరుకీ మా మేనేజరు "హెచ్‌డబ్ల్యూసిమ్‌లో పాసైంది కదా?" అంటాడు. పాసవుతుంది. అందులో అన్నీ పాసవుతాయి. అందులో గాలి లేదు, వాన లేదు, మా అమ్మ లేదు.

పెద్ద డేటాసెంటర్లలో 'రిమోట్ హ్యాండ్స్' అని ఒక సేవ అమ్ముతారు. మన మిషను దగ్గరికి వాళ్ళ మనిషి వెళ్ళి, లైటు చూసి చెప్పి, వైరు తీసి పెట్టి, గంటకింత అని బిల్లు వేస్తాడు. నా రిమోట్ హ్యాండ్స్ మా అమ్మ. బిల్లు వెయ్యదు. ఎదురు ప్రశ్నలు వేస్తుంది.

"అమ్మా, హాల్లో బల్ల మీద చిన్న డబ్బాలున్నాయి కదా, వాటి మీద పచ్చ లైటు వెలుగుతోందా?"

"టిఫినయ్యిందా?"

"అయ్యిందమ్మా. పచ్చ లైటు?"

"ఏం తిన్నావు?"

"ఉప్మా. లైటమ్మా."

"మళ్ళీ ఉప్మాయేనా? ఉండు, కళ్ళజోడు తెచ్చుకోనీ."

కళ్ళజోడు దేవుడి గదిలో ఉంటుంది. దేవుడి గదిలోకి వెళ్ళాక దీపంలో నూనె తగ్గినట్టు కనిపిస్తుంది. నేను ఫోను పట్టుకుని మీటింగులో మ్యూట్ పెట్టుకుని నించుంటాను.

"వెలుగుతోందిరా."

"ఏ రంగు?"

"ఎరుపు."

"పచ్చది అడిగానమ్మా."

"పచ్చది ఒకటి ఆగి ఆగి కొట్టుకుంటోంది. పాపం, దానికేవైందిరా?"

ఏమీ కాలేదు. అది ఆగి ఆగి కొట్టుకుంటేనే పనిచేస్తున్నట్టు. "మరి పొద్దున్న ఎందుకు ఆగిపోయాయమ్మా?" అంటే, "నేనసలు ముట్టుకోలేదు బాబూ. ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టానంతే" అంది.

ఇక్కడ ప్లగ్గు పీకడం గురించి నాలుగు మాటలు చెప్పాలి. నాలుగు అన్నానని నమ్మకండి.

మా అమ్మ దృష్టిలో స్విచ్ ఆపడమూ ప్లగ్గు పీకడమూ ఒకటి కావు. స్విచ్ ఆపితే కరెంటు వెళ్ళిపోదు, స్విచ్ వెనకాల పొంచి ఉంటుంది. పిల్లాడి చెయ్యి తగిలినా, బల్లి నడిచినా బయటికొచ్చేస్తుంది. ప్లగ్గు పీకి, వైరు చుట్టి, కంటికి కనిపించేలా పక్కన పెడితేనే ఆ పరికరం పడుకున్నట్టు లెక్క. టీవీ రాత్రి అలాగే పడుకుంటుంది. మిక్సీ పచ్చడి కాగానే పడుకుంటుంది. అంతర్వేది తీర్థానికి వెళ్ళేటప్పుడు ఫ్రిజ్జు కూడా పడుకుంటుంది, తిరిగొచ్చాక పాల సంగతి వేరే చెప్పుకోవాలి. ఇరవైనాలుగు గంటలూ మెలకువగా ఉండే వస్తువు ఇంట్లో ఒకటి ఉండటం ఆమెకి అరిష్టంలా తోస్తుంది.

ఉరిమితే ఇక చెప్పనక్కర్లేదు. అసలు ఉరమక్కర్లేదు. పిడుగులు పడొచ్చని విపత్తుల నిర్వహణ సంస్థ ఫోనుకి మెసేజి పంపితే చాలు, ఇంట్లో ఒక వరస ప్రకారం ప్లగ్గులు ఊడిపోతాయి. ముందు టీవీ, తర్వాత సెట్‌టాప్ బాక్సు, తర్వాత నా డబ్బాలు, చివరికి ఆ మెసేజి మోసుకొచ్చిన ఫోను ఛార్జరు కూడా. పిడుగుల వేళ ప్లగ్గులు తీసెయ్యమని ప్రభుత్వమే చెబుతుంది కాబట్టి వాదించడానికి నా దగ్గర పాయింటు లేదు. ఆకాశం తేటపడ్డాక అన్నీ తిరిగి పెడుతుందా అంటే, పెడుతుంది. ఏది ఎక్కడిదో ఆమెకి తోచినట్టు పెడుతుంది.

కరెంటు బిల్లు సంగతి తీశాను. మూడు మిషన్లూ కలిసి పదిహేను వాట్లు అమ్మా, రోజంతా నడిచినా నెలకి పదకొండు యూనిట్లు కూడా కావు, జీరో బల్బు జమ అన్నాను.

"పదకొండు యూనిట్లు ఊరికే ఎందుకురా?"

"ఊరికే కాదమ్మా, కంపెనీ ఇస్తుంది."

"కంపెనీకి మాత్రం ఊరికే వచ్చిందా?"

ఈ మాట మా కంపెనీలో ఏ ఆడిటరూ ఇంత సూటిగా అడగలేదు.

ప్లగ్గు మీద ఆమెకి ఇంత గురి కుదరడానికి కారణం 1996 నవంబరు 6. ఆ రాత్రి తుపాను కాకినాడకి దక్షిణంగా తీరం దాటి మా కోనసీమ మీదుగా వెళ్ళింది. వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోయాయి, లక్షల కొబ్బరి చెట్లు నేలకొరిగాయి. మా ఇంటి పెంకులు పక్క ఊరి చెరువులో తేలాయి. రోజుల తరబడి కరెంటు లేదు. కానీ గాలి మొదలవకముందే అమ్మ టీవీ ప్లగ్గు పీకి, దుప్పటి కప్పి, మంచం కింద పెట్టింది. కరెంటు వచ్చాక తగిలిస్తే బొమ్మ వచ్చింది. పెంకులు పోయాయి, తోట పోయింది, టీవీ మిగిలింది. అంతటి అనుభవం ఉన్న మనిషికి నేను అప్‌టైం అంటే, మిషను ఆగకుండా నడవడమంటే, ఏమిటో చెప్పబోయాను.

ప్లగ్గు పీకడం మా ఇంటికే పరిమితమనుకుంటే పొరపాటు. 2022 మేలో కొత్త జిల్లా పేరు మీద అమలాపురంలో గొడవలయ్యాక కోనసీమ మొత్తానికే ప్లగ్గు పీకారు. సుమారు రెండు వారాలు మొబైల్లో ఇంటర్నెట్ లేదు. ఇంటినుంచి పనిచేసే కుర్రాళ్ళంతా లాప్‌టాపులు బ్యాగులో వేసుకుని యానాం, కాకినాడ, రాజమండ్రి దారి పట్టారు. కొందరు గోదావరి గట్టు మీద కూర్చుని అవతలి ఒడ్డు సిగ్నల్ కోసం ఫోన్లు పైకెత్తారు. ఆ పూట మా అమ్మ అన్న మాట: "చూశావా, గొడవొస్తే గవర్నమెంటువాళ్ళూ ముందు చేసేది ఇదే."

మా నాన్నగారు ప్లగ్గుల దాకా రారు. ఆయనది మెయిన్. ఇద్దరూ అమలాపురం బయల్దేరితే వీధి తలుపు తాళానికి ముందు మెయిన్ దిగుతుంది. ఆయన్ని అడిగితే "ఆయ్, అలవాటురా" అంటారు. దానికి మించి వివరణ ఎప్పుడూ రాలేదు.

చివరికి నేనొక కాగితం మీద పెద్దక్షరాలతో "దయచేసి ఈ ప్లగ్గు తీయరాదు" అని ప్రింటు తీసి, లామినేషన్ చేయించి, గోడకి అంటించి వచ్చాను. మర్నాడు ఆరున్నరకి మళ్ళీ ఎరుపు. ఫోన్ చేశాను. "నువ్వు రాసిన ప్లగ్గు నేను ముట్టుకోలేదు నాన్నా. దాని ముందున్న పెద్ద ప్లగ్గు తీశాను" అంది.

ఎక్కడున్నాం? పచ్చ లైటు దగ్గర.

ప్లగ్గు పీకి మళ్ళీ పెడితే ఏమవుతుందని మీరడగొచ్చు. రాస్ప్‌బెర్రీ పై 4లో గడియారానికి బ్యాటరీ లేదు. ప్లగ్గు పీకిన క్షణం దగ్గరే దానికి కాలం ఆగిపోతుంది. లేచాక ఇంటర్నెట్‌ని టైము అడిగి తెలుసుకోవాలి. ఆ తెలుసుకునేలోపు టెస్టు మొదలైతే, అప్పుడే తయారుచేసి పంపిన సర్టిఫికెట్ చూసి "ఇది ఇంకా పుట్టనే లేదు" అని తోసేస్తుంది. పైగా ప్రతి మిషనులో రెండు వైఫై కార్డులు, ఒకటి సొంతది, ఒకటి తగిలించినది. లేచిన తొందరలో రెండూ పేర్లు మార్చుకుంటాయి. నిన్నటి వ్లాన్0 ఇవాళ వ్లాన్1 అంటుంది. నేను జాతకంలో రాసింది వ్లాన్0. అది పరీక్షకి వేరేవాడు వచ్చి కూర్చున్నట్టు. వీటన్నిటికీ తోడు తాను ఏ దేశంలో ఉందో మర్చిపోతుంది. దేశం తెలియని వైఫై కార్డుకి లైనక్స్ '00' అని అనాథ కోడ్ ఇస్తుంది. ఆ కోడ్ ఉన్నంతసేపూ 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో చాలా ఛానెళ్ళలో వినడమే తప్ప నోరెత్తకూడదు. అంబాజీపేట పక్కన, కొబ్బరి తోట మధ్యన కూర్చుని నేను ఏ దేశమో నాకు తెలీదంటే ఏం చెయ్యను?

అన్నిటికీ మందు రాశాను. పేర్లని కార్డు మీద ముద్రించిన మ్యాక్ అడ్రసుకి కట్టేశాను. దేశం ఇండియా అని లేవగానే చెప్పించాను. టైము తెలిసేదాకా టెస్టు మొదలవకుండా కాపలా పెట్టాను. అర్ధాంతరంగా కరెంటు పోతే మెమరీ కార్డు చెడిపోకుండా రాతలు నిషేధించాను. అయినా కంపెనీ నా టెస్టులకి 'ఫ్లేకీ', అంటే నిలకడ లేనివి, అని ముద్రేసింది. ముద్రేసి ఊరుకోలేదు, దానికొక వైద్యం కనిపెట్టింది. ఫెయిలైన టెస్టు మళ్ళీ నడపాలి, అప్పటికీ కాకపోతే మళ్ళీ, ఎప్పుడో ఒకప్పుడు పాసైతే రిపోర్టులో పాస్ అనే రాయాలి. నేను జేఎన్‌టీయూలో చదివే రోజుల్లో దీన్ని సప్లిమెంటరీ అనేవారు, మార్కుల జాబితాలో తెలిసిపోయేది. ఇక్కడ అదీ లేదు.

నా కోపం ఎక్కడంటే, ఆ ఎర్ర గీతలే అసలు కబురు. బెంగళూరు ల్యాబులో కరెంటు పోదు. యూపీఎస్ మీద యూపీఎస్. ఏసీ. బయట ఉరిమినా లోపల వినపడదు. అక్కడ పాసైన అడాప్టరు కొనుక్కునేది ఎవరు? పిడుగొస్తుందని ప్లగ్గు పీకే మనిషి, మెయిన్ దించి ఊరెళ్ళే మనిషి. ప్లగ్గు పీకి పెడితే తిరిగి కలవలేకపోతున్న ఒక అడాప్టరుని అమ్మ పట్టుకుంది. ల్యాబువాళ్ళు ఏడాదిగా దాన్ని పాస్ చేస్తూ వచ్చారు. నేను లోపాలు నమోదు చేసే జిరాలో టికెట్ వేశాను. "రియల్ వరల్డ్‌లో ఇలా ఎవరు చేస్తారు?" అని ఒకాయన కామెంటు పెట్టి మూసేశాడు. ఆయన రియల్ వరల్డ్ ఎక్కడుందో నాకు తెలియాలి.

అమ్మ సేవలు ప్లగ్గుతో ఆగలేదు. ఒక సోమవారం మూడో మిషనుకి హఠాత్తుగా చెవుడొచ్చింది. లాగుల్లో సిగ్నల్ పాతాళానికి పోయింది. కార్డు పాడైందనుకుని కొత్తది ఆర్డరు పెట్టబోతూ, ఎందుకైనా మంచిదని ఫోన్ చేశాను. చుట్టాలొస్తున్నారని బల్ల సర్దిందట. డబ్బాని పెద్ద ఇత్తడి గంగాళంలో పెట్టి, బల్లులు దూరకుండా పైన పళ్ళెం మూసింది. మా రంగంలో దీన్ని షీల్డ్ బాక్స్ అంటారు. బయటి తరంగాలు సోకకుండా లోహపు పెట్టెలో పరికరాన్ని బంధించడం. కంపెనీలు దీనికి లక్షలు పోస్తాయి. మాకు బడ్జెట్ లేదని మేనేజరు రెండుసార్లు తిరగ్గొట్టాడు. మా ముత్తవ్వ సారెగా తెచ్చిన గంగాళం ఆ పని చాలావరకు చేసేసింది. దసరాకి ఆయుధపూజలో మూడు మిషన్లకీ బొట్టు పెట్టి, యాంటెన్నాలకి బంతిపూలు చుట్టింది. వాటివల్ల ఏ తేడా రాలేదని ఆ లాగులు చూసి సర్టిఫై చేస్తున్నాను.

దూరం పరీక్షకని ఒక మిషను పెరటి సావిట్లో పెట్టాను. ఇంటికీ సావిడికీ మధ్య కొబ్బరి చెట్లు. వాన పడి ఆకులు తడిస్తే సిగ్నల్ తగ్గుతుంది, ఎందుకంటే నీళ్ళు ఈ తరంగాల్ని పీల్చుకుంటాయి. గాలికి మట్టలు ఊగితే గ్రాఫూ ఊగుతుంది. దింపు రోజున గెలలు పడి కేబులే తెగుతుంది, ఎందుకంటే మా కేబుల్ ఆపరేటర్ స్తంభాలు చాలని చోట ఫైబరుని కొబ్బరి చెట్లకే కట్టుకొచ్చాడు. ఫిర్యాదు చేస్తే "ఆయ్, సాయంత్రానికి అయిపోద్దండి" అంటాడు. ఏ సాయంత్రమో అడగడం మర్యాద కాదు.

కొబ్బరి చెట్లని తిట్టడానికి నాకు నోరు రాదు. వైర్లెస్ మీద కంప్యూటర్లు మాట్లాడుకోవడం మొదలైంది అలాంటి లంకల్లోనే. నార్మన్ అబ్రామ్సన్ బృందం 1971లో హవాయి దీవుల మధ్య అలోహానెట్ నడిపింది. దాని సూత్రం చాలా సులువు: చెప్పాలనిపించినప్పుడు చెప్పెయ్, ఇద్దరి మాటలూ ఢీకొంటే కాసేపాగి మళ్ళీ చెప్పు. అలా ఎవరి ఇష్టానికి వాళ్ళు మాట్లాడితే ఛానెల్లో నూటికి పద్ధెనిమిది వంతుల చిల్లరే పనికొస్తుందని లెక్క తేలింది. తర్వాత వచ్చిన వైఫై మాట్లాడేముందు వినడం నేర్చుకుంది. వినపడితే ఆగుతుంది, ఎంతసేపు ఆగాలో లాటరీ వేసుకుంటుంది.

ఇక ఆరున్నర రహస్యం. మొన్న ఊరెళ్ళినప్పుడు కాపు కాసి పట్టుకున్నాను. ఆ హాల్లో ఇన్వర్టరు మీద నడిచే ప్లగ్గు ఒక్కటే ఉంది. ఆరున్నరకి అమ్మ నా డబ్బాల ప్లగ్గు పీకి తన ఫోను ఛార్జింగ్ పెట్టింది. ఆదివారం నేను ఆలస్యంగా లేస్తానని ఎనిమిదింటికి పెడుతుంది. ఏకాదశి నాడు యూట్యూబులో విష్ణు సహస్రనామం పెట్టుకోవాలి గనక నాలుగున్నరకి. "ఫోను ఛార్జింగ్ ఎందుకమ్మా అంత పొద్దున్నే?" అన్నాను. "ఏడింటికి నువ్వు ఫోన్ చేస్తావు కదరా, మధ్యలో ఆగిపోతే?" అంది.

నేను ఏడింటికి ఫోన్ చేసేది ఆరున్నరకి ప్లగ్గు పీకినందుకు. ఆమె ఆరున్నరకి ప్లగ్గు పీకేది నేను ఏడింటికి ఫోన్ చేస్తానని. ఈ చక్రంలో మొదటి ఫెయిల్యూరు ఎలా పుట్టిందో ఏ లాగులోనూ దొరకలేదు.

ఇంకో ప్లగ్గు వేయించాను. ఆరున్నర ఫెయిల్యూర్లు ఆగాయి. రిపోర్టు వరసగా పచ్చబడింది. మేనేజరు మెచ్చుకుంటూ మెయిలు పెట్టాడు. అలా సంక్రాంతి దాకా వచ్చాం.

మా మిషన్లు ప్రతి టెస్టుకీ ముందు చుట్టూ ఎవరెవరి వైఫై వినిపిస్తోందో జాబితా రాసుకుంటాయి. మామూలు రోజుల్లో అది ఒక్క చూపులో అయిపోతుంది. భోగి ముందు రాత్రి నుంచి పెరగడం మొదలైంది. ఆఫీసు డెడ్‌లైను వల్ల నేను నిజాంపేటలోనే ఉండిపోయాను గనక లాగులో చదివాను. ఫలానావారి ఐఫోను. ఫలానావారి గెలాక్సీ. ఒక కారు. ఇంకో కారు. ఎవరో పిల్లాడి టాబ్లెట్టుకి ఇచ్చిన హాట్‌స్పాటు, పేరు నిండా బొమ్మలు. చిన్నప్పుడు నాతో గోళీలాడిన వాళ్ళ ఇంటిపేర్లు ఒక్కొక్కటీ ఛానెల్ నంబరుతో సహా వస్తున్నాయి. కనుమ నాడు జగ్గన్నతోటకి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి, కొన్ని కౌశిక దాటి మరీ. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా నడిచింది ఆ ప్రభల తీర్థమే. ఆ తోవలో వెళ్ళే జనమంతా నా లాగులో పడ్డారు. పండగ నాళ్ళలో టెస్టులన్నీ ఫెయిల్. "ఇంటర్‌ఫెరెన్సా?" అని మేనేజరు మెసేజి పెట్టాడు. "అవును సార్, మా ఊరివాళ్ళు" అన్నాను.

ముక్కనుమ వెళ్ళాక జాబితా మళ్ళీ కుదించుకుపోయింది. అప్పుడు లెక్క అర్థమైంది. మా ఊరి గాలి శుభ్రంగా ఉన్నది కొబ్బరి చెట్ల మహిమ కాదు. ఎదురింటివాళ్ళు కువైట్‌లో ఉన్నారు. పక్కింటివాళ్ళు మియాపూర్‌లో. మూల మీది మేడ డాలస్‌లో కూడబెట్టిన డబ్బుతో లేచింది, దానికి పెయింటు ఎండకముందే తాళం పడింది. మేనేజరు కళ్ళు చెమర్చిన ఆ ఖాళీ జాబితా మా వీధిలో తాళాల జాబితా. వీధి చివరిది పోను, అందులో వెలుగుతున్న ఒక్క వైఫై మా ఇంటిది. దాని పక్కన ఇద్దరున్నారు కాబట్టి వెలుగుతోంది. వాళ్ళ తర్వాత మా ఊరి గాలి ఇంకా శుభ్రపడుతుంది. ఆ రిపోర్టు నేను రాయను.

2011 ఖరీఫ్‌లో గిట్టుబాటు కాక కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. వరి పండే గడ్డ నాగలి దించితే దేశమంతా ఉలిక్కిపడింది, కారణాలు వెతకడానికి మోహన్ కందా కమిటీ వేశారు. నేను పుట్టింది ఆ నేల మీదే. వచ్చే సంక్రాంతికి భోగి నుంచి ముక్కనుమ దాకా మా ఇంట్లో టెస్టు విరామం అని మేనేజరుకి ఇప్పుడే మెయిలు పెట్టేశాను. ఆయన ఏ కమిటీ వేసుకుంటాడో ఆయనిష్టం. కోనసీమ వచ్చేవాళ్ళంతా హాట్‌స్పాట్లు ఆన్‌లోనే ఉంచుకోండి, ఛానెల్ ఏదైనా ఫర్వాలేదు. ఛార్జింగ్ తగ్గితే మొహమాటపడకుండా మా ఇంటికి రండి. ఇన్వర్టరు ప్లగ్గు ఆ నాలుగు రోజులూ ఖాళీయే.